సదరు అమ్మవారు

భిలాయి రుఆబాంధాలో త్రినాథరావుగారి ఇల్లెక్కడ అని అడిగితే, ముందు "ఎర్రపెన్ను అంకులా?" అని నవ్వి, ఆ తర్వాత దారి చెబుతారు. ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాడు. పెళ్ళి శుభలేఖ చేతికిస్తే ముందు అచ్చుతప్పులు దిద్ది, తర్వాతే పెళ్ళికొడుకు ఎవరో చూస్తాడు. ఎవరిదో పదోరోజు కార్డులో "స్వర్గస్తులైనారు" అన్నచోట థ ఒత్తు పెట్టి, పోయినాయన కొడుక్కే తిరిగి పంపించిన ఘనత కూడా ఆయనకుంది.

చేసిన ఉద్యోగం అలాంటిది మరి. ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో తనిఖీ విభాగం ఆయనది. పట్టా మీద వెంట్రుకంత చీలిక కనబడినా ఎర్రరంగు పూసి పక్కన పెట్టించేవాడు. త్రినాథరావు ఎర్రరంగు పూసిన పట్టాని ఎంత పెద్ద ఆఫీసరైనా పాస్ చేయించలేడని అప్పట్లో చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా ఆయనేననుకోండి. రిటైరైన రోజున శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు, రంగుడబ్బా మాత్రం తీసేసుకున్నారు. అప్పట్నుంచి ఆ కుడిచెయ్యి ఊరుకోలేకుండా ఉంది.

భార్య జోగమ్మ దీనికి పూర్తిగా ఎదురు. గజపతినగరం పక్క పల్లె నుంచి పెళ్ళి చేసుకుని సెక్టర్ 6 క్వార్టర్‌కి వచ్చిన మనిషి, ఈ యాభై ఏళ్ళలో దేన్నీ పనికిరాదని పక్కన పెట్టలేదు. ఆవిడ నోట్లో ఎప్పుడూ ఒకే మాట నానుతుంటుంది: పాపం. గ్యాస్ బండ మోసుకొచ్చినవాడు పాపం. ఎన్నికల్లో ఓడిపోయిన కార్పొరేటరు పాపం. గెలిచినవాడు ఇంకా పాపం, ఇక వాడింట్లో తిండి తినేటప్పుడు కూడా జనమే. తెలుగువాళ్ళకు ఈ మాట రెండు రకాలుగా పనికొస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. ఒకటి దేవుడు లెక్కవేసేది. రెండోది మనిషిని చూసి మనిషికి పుట్టేది. జోగమ్మకు మొదటిదానితో పెద్దగా పనిపడలేదు, రెండోదానితోనే కాపురం నెట్టుకొచ్చింది.

అలాంటి జోగమ్మ పుస్తకం రాసింది. భిలాయిలో మనవాళ్ళు పెట్టుకున్న తెలుగు స్నేహ సంఘానికి స్వర్ణోత్సవాలు వచ్చాయి. మనం ఇక్కడికి ఎలా వచ్చాం, ఎలా బతికాం అన్నది పుస్తకంగా వెయ్యాలని తీర్మానం చేశారు. డిగ్రీలున్న పెద్దలంతా రాస్తామని ఒప్పుకుని, తలా ఒక శుభాకాంక్షల సందేశం, దాంతోపాటు కోటు వేసుకున్న ఫోటో పంపించారు. ఐదో తరగతితో బడి మానేసిన జోగమ్మ మాత్రం, వంటింటి కిటికీలోంచి తాను చూసిన భిలాయినంతా రాసి ఇచ్చింది. విజయనగరంలో అచ్చుకిస్తే ప్రూఫులొచ్చాయి. తన పేరు అట్ట మీద చూసుకుని, "ఓలమ్మ, జోగమ్మ అంటే నానేనా?" అని నాలుగుసార్లు తడిమి చూసుకుంది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

పుస్తకంలో అందరికీ నచ్చిన కథ అమ్మవారిది. ఆ రోజుల్లో జోగమ్మ అత్తగారు ఊరినుంచి అమ్మవారి ఘటాన్ని, అంటే పసుపు రాసిన మట్టికుండని, పాత చీరలో చుట్టి రైలెక్కించి పంపింది. ఇక్కడ గుడి లేదు. క్వార్టర్లేమో ఉద్యోగస్థులకే ఇస్తారు, అమ్మవారికి టోకెన్ నంబరు లేదు. జోగమ్మ ఇలా రాసింది: "పాపం అమ్మోరికి క్వార్టర్ దొరకలేదు. మూడేళ్ళు మా వంటింటి అటక మీదే కాపురం చేసింది. ఉల్లిపాయల మూట పక్కకి జరిపి చోటిచ్చాం."

ఆ వెనకే వాన కథ. పండగనాడు ఘటాన్ని నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పుతుంటే సెక్టర్ 6 బజారు దగ్గర వాన విరుచుకుపడింది. "పాపం టైలర్ భాయి తన మిషన్ వానలో పెట్టీసి, ఆ చోట అమ్మోర్ని కూకోబెట్టాడు. తను తడిసిపోనాడు గానీ అమ్మోర్ని తడవనివ్వలేదు" అని రాసింది. ఇంకొకచోట సత్యారావు వచ్చాడు. చరోడాలో ఉండే రైల్వే గార్డు, చర్చికి వెళ్ళే కుటుంబం, త్రినాథరావుకు వయసులో ఉన్నప్పట్నుంచీ స్నేహితుడు. "పాపం సత్యారావు మరిదిని క్రిస్మస్ నాడు గూడ్సుబండి ఎక్కించీసారు. ఆల ఇంటికి చుక్క మేమే కట్టాం" అని రాసింది.

అచ్చుకు ముందు పరిశీలించే పని త్రినాథరావుకే పడింది. సంఘంలో తెలుగు తడుముకోకుండా చదవగలిగేవాళ్ళు కొద్దిమంది, వాళ్ళలో కళ్ళు సరిగ్గా ఉన్నవాడు ఈయనొక్కడే. చాన్నాళ్ళకు చేతికి ఎర్రరంగు దొరికింది.

"మీరే సూస్తున్నారు గదండీ, ఇంక నాకేటి బయ్యం" అంది జోగమ్మ.

"నీ మాట ఒక్కటి పోనివ్వను, చూడు" అన్నాడాయన. అబద్ధం ఆడలేదు. అప్పటికి ఆ ఉద్దేశంతోనే ఉన్నాడు.

ఇక్కడ జితేంద్ర ప్రవేశించాడు. సంఘం యువజన విభాగానికి కార్యదర్శి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు నానమ్మ దగ్గర విని నేర్చిందే, చదవడం రాదు. కానీ చేతిలో ఫోనుంది. సంఘం ఆఫీసులో బల్లమీద పడున్న ప్రూఫుకి దాన్ని అడ్డంపెట్టి చూశాడు. ఫోను దానికి తోచిన హిందీలోకి మార్చి చూపించింది. అంతే, ఆదివారం మీటింగుకి ఎర్రబడిన మొహంతో వచ్చాడు.

"అంకుల్, యే దేఖియే. 'పాపిన్ దేవీ కో క్వార్టర్ నహీఁ మిలా.' మన అమ్మోర్ని పాపిన్ అంటారేటి?"

పాపిన్ అంటే హిందీలో పాపిష్టిది. త్రినాథరావుకు నవ్వాగలేదు. ఆ మాట అది కాదు నాయనా, జాలి పుట్టినప్పుడు అనే మాట అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"మతలబ్ నాకు సమఝ్ అయింది అంకుల్. మా నానమ్మ కూడా నన్ను పాపం అంటాది. లేకిన్ సంఘం వాట్సాప్ గ్రూపులో అంతమంది ఉన్నారు, ఆళ్ళందరికీ ఎవరు చెప్తారు? లోగోఁ కీ భావనాయేఁ దెబ్బతింటాయి కదా!"

"ఈ సంగతి గ్రూపులోకి ఎలా వెళ్ళింది?"

"నేనే పెట్టాను అంకుల్. అవేర్‌నెస్ కోసం."

దెబ్బతినడం అప్పటికే మొదలైపోయింది. తెలుగు అక్షరం ముక్క రానివాళ్ళంతా తెలుగు పుస్తకం చదివి బాధపడ్డారు. ఒకాయన పూర్తిగా చదివానని, రాత్రంతా నిద్రపట్టలేదని రాశాడు. పుస్తకం ఇంకా అచ్చే కాలేదు మరి.

సంఘం అధ్యక్షుడు బలరాంగారు. లారీల వ్యాపారం చేసి చల్లగా స్థిరపడిన మనిషి. ఆయనకు పుస్తకమంటే ద్వేషం లేదు, ప్రేమా లేదు. గొడవంటే మాత్రం చచ్చేంత భయం.

"త్రినాథరావుగారూ, అర్థం మంచిదే అవొచ్చు. వినడానికి ఎలాగుందో సూడాలి గదా. పుస్తకం రాకపోయినా పర్లేదండి, గొడవ రాకూడదు. ఆ మాట మార్చీండి."

మార్చడానికి కూర్చున్నారు. "అయ్యో అమ్మోరు" అన్నారు, అమ్మవారి పక్కన అయ్యో ఏమిటి, అపశకునమన్నారు. జితేంద్ర ఉత్సాహంగా "బేచారీ అమ్మోరు లిఖ్ దీజియే" అన్నాడు. బేచారీ అంటే దిక్కులేనిదనీ అర్థం వస్తుంది, జగత్తుకి దిక్కైన తల్లిని దిక్కులేనిదంటావా అని వాడి మీద వాడి యువజన విభాగమే లేచింది. టీలు వచ్చాయి, వెళ్ళాయి. చివరికి, కోర్టు పక్షిలా తిరిగిన అనుభవంతో బలరాంగారే ఒక మాట సూచించారు. ఏ అర్థమూ లేని మాట, ఎవరికీ తగలని మాట, ప్రభుత్వం వారు కూడా వాడే మాట: సదరు.

"సదరు అమ్మవారికి క్వార్టర్ దొరకలేదు" అని త్రినాథరావు పైకి చదివాడు. అందరూ గాలి పీల్చుకున్నారు.

ఒకసారి కలం కదిలాక ఆగుతుందా? అమ్మోరు అనడం మోటుగా ఉందని శ్రీశ్రీశ్రీ అమ్మవారు చేశారు. ఉల్లిపాయల పక్కన అమ్మవారేమిటని ఉల్లిపాయలు తీసేశారు. అటక అంటే సామాన్లు పడేసే చోటనే అర్థం వస్తుందని, దాన్ని "ఉన్నతస్థానమందు" అని త్రినాథరావే స్వయంగా దిద్దాడు. ఎవరూ అడక్కుండా దిద్దాడు. చెబుతుంటే నాకే సిగ్గేస్తోంది గానీ, ఆ మనిషికి ఆ క్షణాన ఆనందమేసింది. అంతా అయిపోయింది కదా అని ఎర్రపెన్ను మూత పెట్టబోతుంటే బలరాంగారు చెయ్యడ్డం పెట్టారు.

"మనది సెక్యులర్ సంఘమండి. హిందువుల మనోభావాలే సూసి ఊరుకుంటే రేపు క్రైస్తవులేటనుకుంటారు? ఆలకి మనోభావాలు లేవేటి?"

"వాళ్ళెవరూ ఏమీ అనలేదండి."

"అదేనండి నా బాధ. అనలేదు. మీరెళ్ళి కనుక్కురండి. అందరివీ సమానంగా తీసీవాలి."

ఈ విధంగా, ఎవరికో ఒకరికి కోపం తెప్పించడానికి త్రినాథరావు స్కూటరెక్కి చరోడా వెళ్ళాడు. సత్యారావు వరండాలో కూర్చుని చేపలు కడుగుతున్నాడు. సంగతంతా విని చేపలు వదిలేసి నవ్వాడు.

"నాకే అభ్యంతరం లేదురా."

"లేదంటే ఎలాగరా? చూడు, వెతుకు. చిన్నదైనా పర్లేదు."

"ఏటిరా నీ గోల! సరే, రాసుకో. ప్రతి ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను పాపీ పాపీ అంటూనే ఉంటారు. ఇంక మా వదిన కూడా పుస్తకంలో 'పాపం సత్యారావు' అని ఎక్కించీసిందంటే నేను పరలోకం వెళ్ళేదెలా? ఇదే నా అభ్యంతరం. సరిపోద్దా?"

సత్యారావు పగలబడి నవ్వుతుంటే త్రినాథరావు బుద్ధిగా రాసుకున్నాడు. మిల్లులో కూడా ఆయనకు పరాచికానికీ రిపోర్టుకీ తేడా తెలిసేది కాదని కిట్టనివాళ్ళు అనేవారు. క్రైస్తవ సోదరుల అభ్యంతరం దొరికిందని సంఘంలో చప్పట్లు కొట్టారు. సత్యారావును "సదరు సత్యారావు" చేస్తే పోలీసు కేసులా ఉందని, ఆ పేరా మొత్తం ఎత్తేశారు. క్రిస్మస్ చుక్క దాంతోపాటే పోయింది.

మిగిలింది టైలర్ భాయి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. అడగడానికి మనిషి లేడు కాబట్టి బలరాంగారు ఆయన తరఫున కూడా తనే ఆలోచించారు.

"అమ్మోర్ని ఆ దుకాణంలో కూకోబెట్టారంటే ఇటు మనోళ్ళకి బాధ. కూకోబెట్టుకున్నాడంటే అటు సాయిబులకి బాధ. ఆ వాన కథే తీసీండి, రెండు బాధలూ పోతాయి."

ఆ రెండు బాధలూ అప్పటికి ఎవరికీ కలగలేదు. అయినా వాటిని పోగొట్టాలి.

త్రినాథరావు ఆ కథ మీద పెన్ను పెట్టి ఆగాడు. ఆ వానరోజు ఆయన అక్కడే ఉన్నాడు. కుట్టుమిషన్ బరువని, భాయి ఒక పక్క పడితే రెండో పక్క పట్టి దుకాణంలోంచి బయటకు మోసింది ఆయనే. మిషన్ మీద వాన పడుతుంటే "తుప్పు పడుతుంది భయ్యా" అని తను అన్నాడు. "అబ్ అమ్మా ఖుద్ దేఖ్ లేగీ", ఇక అమ్మే చూసుకుంటుందిలే అని భాయి నవ్వాడు. ఆ నవ్వు, నీళ్ళు కారుతున్న ఆ గడ్డం అన్నీ కళ్ళముందు కనిపించాయి. ఇది మాత్రం ఉంచండి అని ఒక్కమాట అంటే చాలు. బలరాంగారు కాదనేవాడు కూడా కాదేమో. కానీ బల్లచుట్టూ అందరూ ఆయన చేతివైపే చూస్తున్నారు. చాలా ఏళ్ళ తర్వాత అంతమంది ఆ చేతివైపు చూస్తున్నారు. ఎర్రగీత స్కేలు పెట్టినంత తిన్నగా వచ్చింది.

ఇంటికొచ్చాక జోగమ్మ అడిగింది, "ఏటండీ, అయిపోనాదా?"

"ఆఁ. ఏవో చిన్నచిన్న అచ్చుతప్పులు."

"పాపం, కళ్ళు నొప్పెట్టుంటాయి మీకు" అని చల్లటి తడిగుడ్డ తెచ్చి కళ్ళమీద వేసింది. ఆ గుడ్డ కింద ఆయన చాలాసేపు కళ్ళు తెరవలేదు.

ఆవిష్కరణ సభకు హాలు నిండింది. ఇరవై ఏళ్ళుగా కనబడని తెలుగువాళ్ళు కూడా వచ్చారు, భోజనాలున్నాయని కార్డులో వేశారు. ముఖ్య అతిథి పుస్తకం ఎత్తి చూపించి, ఏ మతంవారినీ నొప్పించని ఇంత మంచి పుస్తకం తాను ఎన్నడూ చూడలేదన్నాడు. నిజమే, ఆయన పుస్తకం తెరవలేదు. కొట్టివేతలు పోగా పలచబడిన ఆ పుస్తకం మొదటి ప్రతిని జితేంద్రే భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. జోగమ్మకు పట్టుచీర పెట్టారు, ఒక పేజీ చదవమని మైకిచ్చారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, తనకు బాగా ఇష్టమైన అమ్మవారి కథ తీసింది.

"సదరు శ్రీశ్రీశ్రీ అమ్మవారు... ఉన్నతస్థానమందు..." అని చదివి ఆగింది. పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. వాన కోసం వెతికింది, వాన లేదు. అట్ట మీద పేరు చూసింది. అది ఆవిడదే.

"ఇది ఎవరో బాగా సదువుకున్నోళ్ళు రాసారండి" అని మైకులో అంది. "నా కళ్ళకి అందట్లేదు. ఆలనే సదవమనండి." మైకు బల్లమీద పెట్టి వచ్చి కూర్చుంది. ఎంత వినయమో చూడండని హాలంతా చప్పట్లు కొట్టారు. త్రినాథరావు కూడా కొట్టాడు. అందరూ కొడుతున్నప్పుడు మానేస్తే బాగుండదు కదా.

భోజనాల దగ్గర సత్యారావు పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేసి, ఇంకోసారి తిరగేసి, వచ్చి అడిగాడు.

"నేనేడ్రా ఇందులో?"

"నువ్వే కదరా అభ్యంతరం చెప్పావు."

సత్యారావు స్నేహితుడి మొహంలోకి నవ్వుకోసం వెతికినట్టు చూశాడు. దొరకలేదు. "మా ఇంటిదానికి సూపిద్దామని తెచ్చుకున్నాను" అని, పుస్తకం కుర్చీమీద వదిలేసి స్వీటు తినకుండా వెళ్ళిపోయాడు.

ఇంట్లో గొడవవుతుందని త్రినాథరావు కాచుకున్నాడు. సమాధానాలు కూడా తయారుచేసుకున్నాడు. సంఘం ఐక్యత, కాలం మారడం, ఇలాంటివి. ఒక్కటీ వాడాల్సిన అవసరం రాలేదు. జోగమ్మ వేళకు కాఫీ ఇచ్చింది, మాత్రలు గుర్తుచేసింది, మిరపకాయ బజ్జీలు చేసింది. ఏదో తక్కువైంది, ఏమిటో ఆయనకు వెంటనే అందలేదు. టీవీలో ఎక్కడో వరదొచ్చి జనం డాబాలెక్కితే జోగమ్మ కళ్ళు తుడుచుకుంది, ఏమీ అనలేదు. గ్యాస్ బండ తెచ్చినవాడికి మజ్జిగ ఇచ్చింది, ఏమీ అనలేదు. అప్పుడర్థమైంది. ఇంట్లో ఆ మాట వినబడి చాలారోజులైంది.

వానలు మొదలయ్యాక ఒకనాటి మధ్యాహ్నం త్రినాథరావు పెరట్లో నాచు మీద జారిపడ్డాడు. చీలమండ గుమ్మడికాయంత వాచింది. ఎముక విరగలేదన్నారు, కట్టు కట్టి పంపించారు. పరామర్శకు బలరాంగారు వచ్చి నేల నున్నగా లేకుండా చూసుకోవాలని సలహా ఇచ్చారు. జితేంద్ర ఆపిల్ పళ్ళు తెచ్చి "అరెరే అంకుల్" అని ఫోటో తీసుకుని గ్రూపులో పెట్టాడు. సత్యారావు రాలేదు. జోగమ్మ చెయ్యాల్సినదంతా చేస్తోంది. కాలు కింద తలగడ పెట్టింది. ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది. త్రినాథరావు ఆవిడ మొహంకేసి చూస్తూ కాచుకున్నాడు. కట్టు బిగించేటప్పుడు కాస్త ఎక్కువగానే మూలిగాడు.

చివరికి ఉండబట్టలేక, "ఒక్క మాట అనొచ్చు కదే" అన్నాడు.

"ఏ మాటండీ?"

"అదే... నీ మాట."

జోగమ్మ మూట చల్లారిందేమోనని చెంపకానించి చూసుకుంది. "అది మీరు కొట్టీసారు కదండీ" అంది. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండునని ఆయనకనిపించింది.

మూట మళ్ళీ వేడిచేయడానికి లేచి, వంటింటి తలుపుదాకా వెళ్ళి ఆగింది. బయట మెట్లమీద వీధికుక్క ఒకటి వానకు ముడుచుకుని, ఒక కాలు పైకెత్తి పట్టుకుని కూర్చుంది. జోగమ్మ నిన్నటి రొట్టెముక్క తీసుకుని దాని దగ్గరికి వెళ్ళింది.

"పాపం, కాలికేటయినాదే నీకు? పాపం, ఎవడు కొట్టాడు?"

మంచమ్మీద త్రినాథరావుకు ప్రతి అక్షరం వినబడింది. గొంతు సవరించుకుని కేకేశాడు.

"ఏమే, ఇక్కడ కూడా ఒక కాలుంది."

"తెల్సండీ" అని వాకిట్లోంచి జవాబొచ్చింది. "సదరు కాలికి కాపడం పెట్టీసాను గదా."